గ్యారేజ్ డోర్ ఓపెనర్ మార్చాలంటే ఎంత పక్కన పెట్టుకోవాలి?

కొత్తగడప | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేం ఈ ఇల్లు కొనుక్కుని ఐదేళ్లయింది. గ్యారేజ్ తలుపు, దాని ఓపెనర్ (రిమోట్ నొక్కితే తలుపు తెరిచి మూసే మోటారు మెషిన్) ఇంటితో పాటు వచ్చినవే. మోటారు వెనక స్టిక్కర్ మీదున్న తేదీని బట్టి ఓపెనర్ వయసు 16 ఏళ్లు. చైన్‌తో నడిచే రకం. నిన్న సాయంత్రం రిమోట్ నొక్కితే మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చింది కానీ చైన్ కదల్లేదు. కారు లోపలే ఉండిపోయింది.

ఈరోజు ఒకాయన వచ్చి రెండు నిమిషాలు చూసి, "ఇది అయిపోయిందండీ, కొత్తది పెట్టాల్సిందే" అన్నారు. కాగితం మీద ఒకటే లైను రాసిచ్చారు: కొత్త ఓపెనర్, ఫిట్టింగ్, మొత్తం ఇంత. అందులో ఏది ఎంతో విడిగా లేదు. బుధవారం లోపు చెప్తే ఈ రేటు, లేదంటే పెరుగుతుందన్నారు.

ఈ నెలలో మాకు వేరే ఖర్చులు చాలా ఉన్నాయి. అసలు ఇలాంటి పనికి ఎంత పక్కన పెట్టుకోవాలి, ఏయే ఖర్చులు కలుస్తాయి, నాకేమీ తెలియదు. మీలో మార్పించిన వాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ధరలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి లెక్క వేసే పద్ధతి చెప్పినా చాలు.

---

హార్స్‌పవర్ | సోమవారం, రాత్రి 9:32

కొంటే పెద్దదే కొనండి. నేను సగం హార్స్‌పవర్‌ది తీసేసి ఒకటింపావుది పెట్టించాను. ఇంక ఆలోచించే పని లేదు.

---

స్ప్రింగ్‌మేస్త్రి | సోమవారం, రాత్రి 10:05

కొత్తగడప గారూ, డబ్బు లెక్క తర్వాత చూద్దాం. ముందు ఒక ప్రశ్న. మోటారు సరిగ్గా కింద నేల మీద గానీ, మూత లోపల గానీ తెల్లటి పొడి లాంటిది, ప్లాస్టిక్ తురుములా ఏమైనా రాలిందా?

నేను 22 ఏళ్లుగా ఈ తలుపులు బిగించే పనిలో ఉన్నాను. మోటారు తిరుగుతూ చైన్ కదలకపోతే చాలాసార్లు మోటారు పోయినట్టు కాదు. చైన్ రకాల్లో చాలావాటి లోపల ఒక నైలాన్ పళ్లచక్రం ఉంటుంది. దాని పళ్లు అరిగిపోతే మోటారు ఊరికే తిరుగుతుంది. అలా కాకుండా మోటారు తిరగకుండా "హమ్" అని మూలిగి ఆగిపోతే కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవడానికి ఊపునిచ్చే భాగం) మీద అనుమానం పడాలి. రెండూ చిన్న భాగాలే.

బుధవారం గడువు సంగతి పక్కన పెట్టండి. తలుపు మూసి ఉంది, కారు బయటికి రావాలి, అంతే కదా. దానికి దారి చెప్తాను. ముందు పొడి చూసి చెప్పండి.

---

కొత్తగడప | సోమవారం, రాత్రి 10:21

ఉందండీ! నేల మీద తెల్లగా రవ్వలా పడి ఉంది. నేను సున్నం రాలిందనుకున్నాను.

---

సర్క్యూట్ | సోమవారం, రాత్రి 10:30

అయితే గేరే. మేస్త్రి గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ గేర్ కిట్ విడిగా దొరుకుతుంది, గ్రీజుతో సహా వస్తుంది. చేతికి పని అలవాటున్న వాళ్లకు ఒక మధ్యాహ్నం పని. మోడల్ నంబరు సరిపోయేది మాత్రమే కొనాలి. ప్లగ్ పీకకుండా మూత విప్పొద్దు.

పాత వస్తువు పారేసే ముందు ఒకసారి ఇలా చూడటం అందరికీ మంచిది. నేను చూసిన "చచ్చిపోయిన" ఓపెనర్లలో ఎన్నో చిన్న చిన్న కారణాలతో ఆగినవే. కంటి సెన్సార్లు (తలుపుకు రెండు పక్కలా నేల దగ్గర ఉండి, మధ్యలో ఏదైనా అడ్డం వస్తే తలుపును ఆపేవి) రెండూ ఒకదానికొకటి ఎదురుగా లేకపోవడం, సాయంత్రపు ఎండ నేరుగా సెన్సార్‌లో పడటం, రిమోట్ బ్యాటరీ, ఇలాంటివి. ఓపెనర్‌లో ఎల్ఈడీ బల్బు మార్చాక రిమోట్ దూరం నుంచి పని చేయకపోతే ఆ బల్బు తీసి చూడండి. కొన్ని బల్బుల రేడియో గోల రిమోట్ సంకేతాన్ని మింగేస్తుంది.

---

స్ప్రింగ్‌మేస్త్రి | సోమవారం, రాత్రి 10:58

గేర్ అరిగిందని తెలిసింది. ఎందుకు అరిగిందనేదే అసలు ప్రశ్న. 16 ఏళ్లకు వయసు మీద పడి అరగొచ్చు. లేదా తలుపు బరువంతా మోటారు మీద పడుతూ ఉండొచ్చు. రెండోదే అయితే మీరు కొత్త మెషిన్ పెట్టినా దానికీ ఇదే గతి పడుతుంది.

చాలామందికి తెలియని విషయం ఇది. రెండు కార్లు పట్టే తలుపు వంద కిలోలు దాటొచ్చు. ఆ బరువును ఎత్తేది ఓపెనర్ కాదు, స్ప్రింగులు. తలుపు మూసుకున్నప్పుడు స్ప్రింగుల్లో బిగువు నిండుతుంది. తెరిచేటప్పుడు ఆ బిగువే తలుపును పైకి లేపుతుంది. ఓపెనర్ చేసేది పట్టాల వెంట దాన్ని నడిపించడం, ఆపాల్సిన చోట ఆపడం. స్ప్రింగు సరిగ్గా ఉంటే చిన్న పిల్లవాడు కూడా ఎత్తగలడు. (పిల్లల చేత ఎత్తించమని కాదు.)

రేపు పగటి పూట ఇలా చేయండి. తలుపు పూర్తిగా మూసి ఉండాలి. ఇది ముఖ్యం. తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఓపెనర్ పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు లాగొద్దు, స్ప్రింగు తెగి ఉంటే తలుపు ధబేల్మని పడుతుంది. మూసి ఉన్న తలుపుకి ఎర్ర తాడు లాగితే ఓపెనర్ విడిపోతుంది. ఇప్పుడు రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తండి. నాలుగైదు కిలోల బరువు ఎత్తినట్టు తేలిగ్గా రావాలి. నడుము ఎత్తులో ఆపి, చేతులు దగ్గరే ఉంచి, పట్టు కొంచెం వదలండి. తలుపు అక్కడే నిలబడితే తూకం సరిగ్గా ఉన్నట్టు. కిందికి జారిపోతే స్ప్రింగు బలం తగ్గింది. తనంతట తాను పైకి పోతే బిగువు ఎక్కువైంది.

అసలు ఎత్తలేకపోతే బలవంతం చేయకండి, వదిలేయండి. తలుపు పైన కడ్డీకి చుట్టి ఉన్న స్ప్రింగు మధ్యలో రెండు వేళ్ల సందు కనిపిస్తే అది తెగినట్టే.

---

రెండోఅంతస్తు | మంగళవారం, ఉదయం 6:50

గ్యారేజ్ పైనే మా పడకగది. కొనేటట్టయితే బెల్ట్ రకం చూడండి, చైన్ వద్దు. మాకు పాత చైన్ ఉన్నప్పుడు రాత్రి డ్యూటీ ముగించుకుని మా ఆయన వచ్చే వేళకు మంచం అదిరేది, పసిపాప లేచిపోయేది. బెల్ట్ పెట్టించాక ఆయన వచ్చినట్టే తెలియదు. చైన్ కంటే ధర ఎక్కువే, కానీ నా వరకు ఆ తేడా ప్రతి రాత్రీ ఉపయోగపడింది.

---

లెక్కలపద్దు | మంగళవారం, ఉదయం 8:15

నేను ఇంటి ఖర్చుల పద్దు ఏళ్ల తరబడి రాస్తున్నదాన్ని. రెండేళ్ల క్రితం మా ఓపెనర్ మార్చినప్పుడు చేసిన పొరపాటు చెప్తాను.

షాపులో పెట్టె మీదున్న ధర చూసి, అంత డబ్బు తీసి పక్కన పెట్టాను. తీరా బిగించే రోజు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మా తలుపు ఎనిమిది అడుగుల ఎత్తు. పెట్టెలో వచ్చిన పట్టా ఏడడుగుల తలుపుకి సరిపోయేది. దాన్ని పొడిగించే కిట్ వేరే కొనాల్సి వచ్చింది. తలుపు పైభాగం పలచటి రేకు కావడంతో ఓపెనర్ చేయి తగిలించే చోట బలపరిచే పట్టీ వేయకపోతే రేకు వంగిపోతుందన్నారు. అదీ వేరే. పెట్టెలో ఒకటే రిమోట్, మాకు రెండు కార్లు. పాత రిమోట్లు కొత్త మెషిన్‌తో కలవలేదు. బయట గోడకు పెట్టుకునే నంబర్ల ప్లేటు వేరే. పాత మెషిన్ విప్పి తీసుకెళ్లడానికి కూడా వేరేగా అడిగారు. ఏదీ పెద్ద మొత్తం కాదు, కానీ అన్నీ కలిపితే నా లెక్క తప్పింది. వేరే దానికి పెట్టుకున్న డబ్బు తీయాల్సి వచ్చింది.

అందుకే కొత్తగడప గారూ, మెషిన్ ధరను 100 భాగాలు అనుకోండి. మీ దగ్గర డబ్బు ఏదైనా ఫర్వాలేదు. మిగతావన్నీ ఆ వందతో పోల్చి రాసుకుంటే ఏది ఎక్కువ అడుగుతున్నారో వెంటనే తెలుస్తుంది. మీకు ఇచ్చిన ఒక్క లైను కాగితాన్ని తిరిగి ఇచ్చి, మెషిన్ మోడల్ పేరుతో సహా, ఫిట్టింగ్ కూలీ, అదనపు భాగాలు, పాతది తీసుకెళ్లడం విడివిడిగా రాసివ్వమనండి. రాసివ్వని మనిషికి పని ఇవ్వొద్దు.

---

కొత్తగడప | మంగళవారం, మధ్యాహ్నం 12:40

మేస్త్రి గారూ, పరీక్ష చేశాను. ఎత్తడానికే రొప్పు వచ్చింది. నడుము దగ్గర పట్టు కొంచెం వదలగానే బరువుగా కిందికి జారింది. పట్టుకుని మెల్లగా దించాను. పైన కడ్డీకి రెండు స్ప్రింగులున్నాయి, రెండూ తెగలేదు.

నిన్న వచ్చినాయన తలుపును ముట్టుకోనైనా లేదు.

---

స్ప్రింగ్‌మేస్త్రి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అనుకున్నదే. రెండు స్ప్రింగులూ అలసిపోయాయి.

మామూలు స్ప్రింగును 10,000 సార్లు పని చేసేలా లెక్కకట్టి తయారు చేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒకటి కింద లెక్క. మీ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారు?

---

కొత్తగడప | మంగళవారం, మధ్యాహ్నం 1:42

ఆరుసార్లు ఉంటుంది. ఆఫీసు, బడి, సాయంత్రం క్లాసులు. ముందు గుమ్మం కంటే గ్యారేజ్ దారే ఎక్కువ వాడతాం.

---

స్ప్రింగ్‌మేస్త్రి | మంగళవారం, మధ్యాహ్నం 2:10

రోజుకు ఆరు అంటే ఏడాదికి 2,190. పది వేలు నాలుగున్నర ఏళ్లకే అయిపోయాయి. మీరొచ్చి ఐదేళ్లన్నారు. ఇల్లు అమ్మే ముందు పాత యజమాని కొత్తవి వేయించి ఉన్నా కూడా వాటి కాలం తీరింది. ఈమధ్య చాలా నెలలుగా ఆ మోటారు ఎత్తకూడని బరువు ఎత్తుతోంది. నైలాన్ పళ్లు అందుకే తురుమైపోయాయి.

హార్స్‌పవర్ గారూ, మీ మాట కొట్టిపారేయాలని కాదు. బరువైన చెక్క తలుపులకు, ఎక్కువ వెడల్పున్న తలుపులకు పెద్ద మోటారు అవసరమే. కానీ తూకం తప్పిన తలుపుకి పెద్ద మోటారు పెట్టడం ప్రమాదం. కొందరు స్ప్రింగు మార్చకుండా మోటారు బలం సెట్టింగు పెంచేసి వెళ్లిపోతారు. అప్పుడు తలుపు కింద ఏదైనా అడ్డం వచ్చినా మోటారుకు తేడా సరిగ్గా తెలియదు, నొక్కుతూ పోతుంది. తూకం బాగుంటే మామూలు ఇంటి తలుపుకి సగం నుంచి ముప్పావు హార్స్‌పవర్ చాలు.

స్ప్రింగులు జంటగా మార్చాలి. ఒకటే మారిస్తే రెండోది నెలల్లోనే పోతుంది, కూలీ రెండుసార్లు ఇవ్వాలి. ఇంకొంచెం పెట్టగలిగితే 20,000 సార్లకు లెక్కకట్టినవి అడగండి. మీ వాడకానికి తొమ్మిదేళ్లు వస్తాయి. నా అనుభవంలో ఈ మొత్తం పనిలో ఇంతకు మించి ఫలితమిచ్చే ఖర్చు లేదు.

---

విశ్రాంతి | మంగళవారం, మధ్యాహ్నం 3:05

అమ్మా/బాబూ, పెద్దవాడిగా ఒక మాట. స్ప్రింగు పని మాత్రం డబ్బు మిగులుతుందని మీరు చేయకండి. పదేళ్ల కిందట నేను చేశాను. బిగువు తిప్పడానికి సరైన కడ్డీలు వాడాలని తెలియక స్క్రూడ్రైవర్ పెట్టాను. అది జారింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, ఇప్పటికీ సీసా మూత ఎడమ చేత్తోనే తిప్పుతాను. వైద్యానికి అయిన దాంతో నాలుగుసార్లు స్ప్రింగులు వేయించుకోవచ్చు. గేర్ మార్చుకోండి, సెన్సార్ సరిచేసుకోండి. స్ప్రింగు, పక్కనున్న ఇనుప తీగలు, వాటి కింది బ్రాకెట్లు పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

---

కొత్తగడప | మంగళవారం, మధ్యాహ్నం 3:20

విశ్రాంతి గారూ, మీ అనుభవం ఇక్కడ రాసినందుకు కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే నిన్న రాత్రి స్ప్రింగు నేనే మార్చుకుంటే ఎలా ఉంటుందా అని వీడియోలు వెతికాను. ఇక వెతకను.

అయితే ఇప్పుడు ఖర్చు ఇంకా పెరిగింది కదా అని టెన్షన్‌గా ఉంది. స్ప్రింగులు, పైగా ఓపెనర్. రెండూ ఒకేసారి ఈ నెలలో నావల్ల కాదు. గేర్ కిట్ వేసుకుని పాత మెషిన్‌తో లాగించనా?

---

సర్క్యూట్ | మంగళవారం, సాయంత్రం 6:15

గేర్ వేస్తే నడుస్తుంది. కానీ ఒక మాట చెప్పాలి. 16 ఏళ్ల ఎలక్ట్రానిక్ బోర్డు మీద నాకు నమ్మకం తక్కువ. గేర్ కిట్ ఖర్చు చిన్నదే కాబట్టి మీరే చేసుకోగలిగితే వేసి చూడొచ్చు. మనిషిని పెట్టి చేయిస్తే కూలీ కలిసి కొత్త మెషిన్‌లో మూడో వంతుకు చేరుతుంది, అప్పుడు నేనైతే పెట్టను.

ఇంకొకటి, చదివే మిగతావాళ్ల కోసం. మీ ఓపెనర్‌కు నేల దగ్గర కంటి సెన్సార్లు అసలే లేకపోతే రిపేరు ఆలోచనే వద్దు, మార్చేయండి. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇళ్ల ఓపెనర్లకు, మనిషి కింద ఇరుక్కోకుండా ఇలాంటి రెండో ఏర్పాటు ఉండటం చట్టప్రకారం తప్పనిసరి. అంతకు ముందువి ఇంకా కొన్ని ఇళ్లలో నడుస్తూనే ఉన్నాయి. వాటి కింద పిల్లలు పరిగెత్తుతుంటే నాకు చూడబుద్ధి కాదు.

---

స్ప్రింగ్‌మేస్త్రి | మంగళవారం, రాత్రి 8:40

కొత్తగడప గారూ, టెన్షన్ పడకండి. ఈ నెలలో స్ప్రింగులు మాత్రమే వేయించండి. ఓపెనర్ కొనకండి.

స్ప్రింగులు కొత్తవయ్యాక మీ తలుపు ఒంటి చేత్తో లేస్తుంది. ఎర్ర తాడు లాగి ఉంచుకుని చేత్తో తెరుచుకోండి, మూసుకోండి. వర్షంలో కారు దిగాల్సి రావడం కష్టమే, కానీ ఇల్లు ఆగిపోదు. ఇలా ఒక నెల కాదు, ఆరు నెలలైనా గడపొచ్చు. కారు లోపల ఇరుక్కుపోయిందన్న తొందర లేకపోతే ఎవరూ మిమ్మల్ని "బుధవారం లోపు" అని తొందరపెట్టలేరు. మూడు చోట్ల అడిగి, మోడళ్లు పోల్చి, డబ్బు కూడాకే కొనండి.

ఒక జాగ్రత్త. ఓపెనర్ విడదీసిన తలుపును బయటి నుంచి ఎవరైనా ఎత్తగలరు. లోపలి వైపు పక్కన జరిపే గడియ ఉంటుంది, రాత్రి అది వేయండి. లేకపోతే ఒకటి పెట్టించుకోండి, ఖర్చు చాలా తక్కువ.

---

లెక్కలపద్దు | మంగళవారం, రాత్రి 9:25

మేస్త్రి గారు చెప్పిన ఈ దారి నాకు రెండేళ్ల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! తొందరలో కొన్న వస్తువుకు బేరం ఉండదు.

---

రెండోఅంతస్తు | బుధవారం, ఉదయం 7:05

గోడకు బిగించేవి కూడా వస్తున్నాయి, సీలింగు మీద పట్టా ఉండదు, చప్పుడు ఇంకా తక్కువట. కొత్తగడప గారు దాన్ని కూడా చూడొచ్చా?

---

స్ప్రింగ్‌మేస్త్రి | బుధవారం, ఉదయం 7:50

చూడొచ్చు, కానీ అన్ని తలుపులకూ నప్పదు. తలుపు పైన స్ప్రింగు చుట్టిన కడ్డీ ఉండాలి, ఎందుకంటే ఆ మోటారు తిప్పేది ఆ కడ్డీనే. పక్క పట్టాల వెంబడి సాగే స్ప్రింగులున్న తలుపులకు పనికిరాదు. కడ్డీ చివర, పక్క గోడకు మధ్య మోటారు పట్టేంత చోటుండాలి. వీళ్లకు కడ్డీ ఉంది కాబట్టి కుదరొచ్చు. మెషిన్ ధర మాత్రం బెల్ట్ రకం కంటే బాగా ఎక్కువ. సీలింగు మరీ కిందికి ఉన్నవాళ్లకు, పైన సామాన్ల అటక కట్టుకోవాలనుకునేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. వీళ్ల అవసరానికి నేనైతే చెప్పను.

---

విశ్రాంతి | బుధవారం, ఉదయం 9:30

బ్యాటరీ ఉన్న మెషిన్ సంగతి ఎవరూ అనలేదు. కరెంటు పోయినప్పుడు నా మణికట్టుతో తలుపు ఎత్తలేను. మాకది అవసరం, తీసుకున్నాం. 2017లో కాలిఫోర్నియాలో పెద్ద కార్చిచ్చులు వచ్చినప్పుడు కరెంటు పోయి కొందరు గ్యారేజ్ తలుపు తెరవలేక చిక్కుకుపోయారు. ఆ తర్వాత అక్కడ చట్టమే చేశారు, 2019 జులై 1 నుంచి కొత్తగా పెట్టే ఇంటి ఓపెనర్లకు బ్యాటరీ ఉండాలని. ఇంట్లో నాలాంటి వాళ్లు ఉంటే బడ్జెట్‌లో దీన్ని కోసేయకండి.

---

సర్క్యూట్ | బుధవారం, ఉదయం 10:10

నిజమే. అయితే బ్యాటరీ ఒకసారి కొంటే అయిపోయే ఖర్చు కాదు. రెండు మూడేళ్లకోసారి మార్చాలి, అదీ పద్దులో రాసుకోవాలి. బ్యాటరీ ఉన్నవి ఎక్కువగా డీసీ (బ్యాటరీ కరెంటుతో నడవగలిగే రకం) మోటార్లే. మెల్లగా మొదలై మెల్లగా ఆగుతాయి, తలుపుకు కుదుపు తక్కువ.

ఫోన్‌తో తెరిచే వైఫై మోడళ్ల దగ్గర రెండు విషయాలు కొనే ముందే అడగండి. మీ గ్యారేజ్‌లో వైఫై సిగ్నల్ అందుతుందా? చాలా మెషిన్లు 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీదే పని చేస్తాయి. కెమెరా వీడియో దాచుకోవడానికో, ఇంకో సదుపాయానికో నెలనెలా చందా ఉందా? మెషిన్ చవగ్గా ఇచ్చి చందాలో లాగే పద్ధతి ఈ వస్తువుకూ వచ్చింది. కారులో ముందే అమర్చి వచ్చే బటన్ కొత్త మెషిన్‌తో కలవాలంటే కొన్నిసార్లు చిన్న అడాప్టర్ కొనాల్సి వస్తుంది, అదీ అడగండి.

పాత సెన్సార్ వైర్లు బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు, కూలీ కాస్త తగ్గుతుంది. సెన్సార్లు మాత్రం మెషిన్‌తో వచ్చినవే పెట్టాలి. ఓపెనర్ ప్లగ్ ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించి ఉంటే, సీలింగు దగ్గర సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్ పెట్టించడానికి డబ్బు విడిగా ఉంచుకోండి.

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే వస్తువు కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కరెంటు లాగుతుందో కూడా చూడండి. 5 వాట్లు లాగినా ఏడాదికి దాదాపు 44 యూనిట్లు.

---

హార్స్‌పవర్ | బుధవారం, రాత్రి 8:20

మేస్త్రి గారి పోస్టు చదివి మా తలుపుకు కూడా పరీక్ష చేశాను. అది కూడా కిందికి జారింది. నా పెద్ద మోటారు రెండేళ్లుగా ఏ చప్పుడూ లేకుండా ఆ బరువు ఎత్తుతోంది, నాకు తెలియనే లేదు. మాకు ఇద్దరు చిన్నపిల్లలు. శనివారం స్ప్రింగులకు మనిషిని పిలిచాను. నా మొదటి పోస్టులో చెప్పిన సలహా సరైంది కాదు, దాన్ని చూసి ఎవరూ కొనకండి.

---

స్ప్రింగ్‌మేస్త్రి | బుధవారం, రాత్రి 8:45

మంచి పని చేశారు. స్ప్రింగు వేశాక బలం సెట్టింగు మళ్లీ తగ్గించి సరిచేయమని తప్పకుండా చెప్పండి. పాత సెట్టింగు అలాగే వదిలేస్తే పిల్లలకు ప్రమాదం అలాగే ఉంటుంది.

---

కొత్తగడప | మరుసటి సోమవారం, రాత్రి 9:00

స్ప్రింగులు వేయించాను, 20,000 రకం. వచ్చినాయన అరిగిన రోలర్లు (పట్టాల్లో తలుపును నడిపించే చిన్న చక్రాలు) కూడా చూపించి మార్చారు. తలుపు ఇప్పుడు మా పన్నెండేళ్ల అమ్మాయి ఎత్తినా లేస్తోంది, నడుము దగ్గర వదిలితే కదలకుండా నిలబడుతోంది. ఐదేళ్లుగా ఈ తలుపు ఇంత తేలికని మాకు తెలియదు.

ఓపెనర్‌కు మూడు కొటేషన్లు విడివిడి లెక్కలతో తెచ్చుకున్నాను. పద్దు గారి పద్ధతిలో మెషిన్ 100 అనుకుని రాస్తున్నాను. బెల్ట్, డీసీ, బ్యాటరీ ఉన్నది 100. ఫిట్టింగ్, పాతది తీసుకెళ్లడంతో కలిపి 40. తలుపును బలపరిచే పట్టీ 8. రెండో రిమోట్ 10. ఇప్పటికే పెట్టిన స్ప్రింగులు 80, రోలర్లు 10. అన్నీ కలిపి 248.

మొదట ఒక్క లైనులో రాసిచ్చిన మొత్తం ఇదే లెక్కలో 210. అందులో స్ప్రింగులు లేవు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే 210 ఇచ్చాక, మళ్లీ ఈ 90 ఇవ్వాల్సి వచ్చేది.

---

లెక్కలపద్దు | మరుసటి సోమవారం, రాత్రి 9:50

చాలా సంతోషం. ఇప్పుడు వచ్చేసారి కోసం. ఓపెనర్, దాని పనులు కలిపి 158. పన్నెండేళ్లు వస్తుందనుకుందాం, 144 నెలలు, నెలకు 1.1. స్ప్రింగులు 80, తొమ్మిదేళ్లు, నెలకు 0.74. బ్యాటరీ 12 అనుకుని రెండున్నరేళ్లకోసారి అంటే నెలకు 0.4. మొత్తం నెలకు రెండుంపావు భాగాలు. ఇంటి మరమ్మతుల ఖాతాలో ఇంత విడిగా పడేలా పెట్టుకోండి. వచ్చేసారి ఏది ఆగినా ఆ నెల జీతం మీద పడదు.

మీ వాడకం తగ్గితే స్ప్రింగు లెక్క మార్చుకోండి. పిల్లలు పెద్దయి బడులు మారితే రోజుకు ఆరు కాస్తా మూడవుతుంది.

---

కొత్తగడప | ఏడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

ఈరోజు కొత్త ఓపెనర్ బిగించారు. ఏడు వారాలు చేత్తోనే తెరిచాం. రెండుసార్లు వర్షంలో తడిశాం, అంతే. ఈలోగా డబ్బు కూడింది, అప్పు చేయలేదు, కార్డు మీద వాయిదాలు పెట్టలేదు.

బిగించినాయన వెళ్లే ముందు మేస్త్రి గారు ఎక్కడో వేరే చర్చలో రాసిన పరీక్షలు చేయించాను. నేల మీద ఒకటిన్నర అంగుళం మందం చెక్క పడుకోబెట్టి తలుపు మూస్తే, చెక్కను తాకి వెనక్కి లేచింది. సెన్సార్లు నేల నుంచి ఆరు అంగుళాలు దాటకుండా పెట్టారు. మధ్యలో చీపురు కర్ర అడ్డం పెట్టినా తలుపు ఆగి వెనక్కి పోయింది. వారంటీ కాగితం మీద మోటారుకు ఎన్నేళ్లు, బెల్టుకు ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు, కూలీకి ఎన్ని రోజులు అని నాలుగూ రాయించుకున్నాను.

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

---

స్ప్రింగ్‌మేస్త్రి | శనివారం, సాయంత్రం 5:48

చాలా బాగుంది. ఆ చెక్క పరీక్ష నెలకోసారి చేస్తూ ఉండండి. ఒక్కటి వెంటనే చూడండి. ఈ ఏడు వారాలు రాత్రిళ్లు వేసిన పక్క గడియ ఉంది కదా, అది వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే మోటారు లాగుతుంది, గడియ ఆపుతుంది, మధ్యలో తలుపు రేకు వంగిపోతుంది. గడియ తీసేయండి, లేదా తెరిచిన స్థితిలోనే ఉండేలా బిగించి కట్టేయండి.

---

కొత్తగడప | శనివారం, సాయంత్రం 5:55

ఇప్పుడే వెళ్లి గడియను వెనక్కి జరిపి తీగతో కట్టేసి వచ్చాను. రాత్రి అలవాటు కొద్దీ ఎవరూ వేయకుండా తలుపు మీద కాగితం కూడా అంటించాను.